ఆరో గడి

"నడుం నొప్పి పనిదొంగల జబ్బు" అనేవారు మా ఆయన. నీళ్ల బకెట్టు దింపి ఒక్క నిమిషం నడుం పట్టుకుంటే చాలు, మంచం మీద నుంచే ఆ మాట వచ్చేది. ఆయన పోయాక సంచులు కుట్టే షెడ్డులో చేరాను. అక్కడి మేస్త్రీ ఇంకో రకం. "కూర్చుని చేసే పనికి నడుం నొప్పేంటమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎవరితోనూ చెప్పుకోలేదు. "మా అత్తయ్య పగలు నడుం వాల్చగా నేను చూళ్లేదండీ" అని కోడలు నలుగురిలో మెచ్చుకునేది.

దగ్గులో నెత్తురు పడ్డాక మాత్రం దాచలేకపోయాను. ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. ఛాతీకి స్కాన్ తీసి రెండో స్టేజీ అన్నారు. కొడుకు ముఖం తేటపడింది. "అదృష్టవంతురాలివమ్మా, కోసి తీసేస్తారట!" డాక్టరమ్మ ఏం చెప్పినా వాడికే చెప్పేది. ఇంకెక్కడైనా నొప్పులున్నాయా అని అడిగితే, "మా అమ్మ ఇనుపముక్కండీ, నలతన్నదే ఎరగదు" అన్నాడు గొప్పగా. నేను కొంగు సర్దుకున్నాను.

ఆపరేషన్‌కు ముందురోజు వాడు మందులకు వెళ్లినప్పుడు నర్సు ఒక కాగితం తెచ్చింది.

"మీ అబ్బాయి రాగానే నింపించండి పెద్దమ్మా."

"ఇలా ఇవ్వమ్మా, నాకొచ్చు."

యాభై ఎనిమిదో ఏట షెడ్డు పక్కింటి పంతులమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలు. ఇప్పుడు చదివి ఎవరిని ఉద్ధరిస్తావని కొడుకు నవ్వాడు అప్పట్లో. కూడబలుక్కుంటూ ఆరో గడి దాకా వచ్చాను. 'శరీరంలో మరెక్కడైనా నొప్పి ఉందా? ఎంతకాలంగా?'

"ఇది దేనికమ్మా?"

"గడ్డ అక్కడితో ఆగితేనే కోస్తారు పెద్దమ్మా. ఎముకకు పాకితే నాలుగో స్టేజీ. అప్పుడు కోసినా లాభముండదు, మందులతో నెట్టుకురావడమే. మీకలాంటివేం లేవుగా?"

నాలుగు నెలలుగా నడుం లోపల పురుగు తొలిచినట్టుంది. ఇది బకెట్లు మోసిన పాత నొప్పి కాదని నాకు తెలుసు. గడి ఖాళీగా వదిలేస్తే రేపు ఆపరేషన్. ఇంటిల్లిపాదికీ ఆశ. నాకు మాత్రం బతకాలని లేదా? కానీ ఎముకలో ఉన్నది నేను రాయనంత మాత్రాన లేకుండా పోదు. పక్కమంచం ఆమెకు భోజనం వచ్చి, తిని, పళ్లెం కడుక్కుని వచ్చేదాకా పెన్ను పట్టుకునే కూర్చున్నాను. చివరికి రాశాను: 'నడుం. నాలుగు నెలలు.'

ఆపరేషన్ ఆపేశారు. ఎముకల స్కాన్ తీశారు. నాలుగో స్టేజీ.

"ఎందుకు రాశావమ్మా?" వరండా బల్ల మీద కూర్చున్న కొడుకు తలెత్తి అడిగాడు. "ఈపాటికి కోసి తీసేసేవాళ్లు!"

చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఊదినట్టు వాడి నుదుటి మీద ఊదాలనిపించింది. వంగలేకపోయాను.

మందులు పడితే ఏడాది, పడకపోతే అదీ లేదని డాక్టరమ్మ చెప్పింది. "ఇప్పుడు నొప్పి ఎలా ఉంది?" అని అడిగింది.

"ఫర్లేదండీ, ఓర్చుకుంటుంది" అన్నాడు కొడుకు.

వాడి చేతి మీద చెయ్యి వేసి ఆపాను.

"ఓర్చుకోలేకపోతున్నానమ్మా" అన్నాను.