మడుగు మీద పెత్తనం

కౌన్సిల్ సభ్యుడు పదింటికి వస్తానన్నాడు. తొమ్మిదిన్నరకి మడుగు దగ్గరికొచ్చిన దర్జీ ఆవిడ గబగబా గట్టెక్కి చూసింది. గట్టు పొడవునా రెల్లు మాయం! వీధి జనం కొడవళ్లు కడుక్కుంటూ ముసిముసిగా నవ్వుతున్నారు. మధ్యలో నడుం మీద చేతులేసుకుని, యుద్ధం గెలిచినట్టు ఆవిడ అత్తగారు.

“ఎవరు కొయ్యమన్నారు అత్తయ్యా?”

“నేనే. పెద్దమనిషి వస్తున్నాడు కదే! ఇంటికి చుట్టాలొస్తే ఊడ్చుకోమా ఏం?”

చెత్తకుప్పైపోయిన మడుగుని వీధివాళ్లే బాగుచేసి, రెల్లు నాటి, పిట్టల్ని మళ్లీ రప్పించుకున్నారు. ఇప్పుడేమో ఒక కంపెనీ గట్టుకి సిమెంటు వేసి అందంగా చేస్తాం, మాకిచ్చేయండి అంటోంది. కాదు, మాకే వదిలెయ్యండని దర్జీ రెండేళ్లుగా కుట్టుమిషన్ మూలపెట్టి ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతోంది. ఎవరికివ్వాలో తేల్చే కమిటీకి పెద్ద ఈ సభ్యుడే.

వచ్చాడు, చూశాడు, మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే కొంప ముంచింది.

“భలే నీటుగా ఉందమ్మా! ఇక సిమెంటు పడితే చాలు. ఆ పని కంపెనీవాళ్లు బాగా చేస్తారు.”

రెల్లుకి తెగులు పట్టిందండీ అని ఒక అబద్ధం దర్జీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“నీటు కాదండీ, తప్పు. మీరొస్తున్నారన్న సంబరంలో పిట్టల గూడు మేమే కోసేశాం.”

అత్తగారి మొహం మాడిపోయింది.

“తప్పు చేశామని మీరే అంటే మీకెలా అప్పగించనమ్మా?”

“అందుకే అప్పగించండి! కంపెనీ తప్పు చేస్తే మేం ఎవరి గుమ్మం ఎక్కాలి? ఫోనైనా ఎత్తరు. అదే నేను చేస్తే సందు మలుపు తిరిగేలోపు పదిమంది నిలదీస్తారు. సాయంత్రానికల్లా దిద్దుకోకపోతే నా బతుకు బతుకు కాదు.”

సభ్యుడు నవ్వాపుకుంటూ, కొయ్యకుండా మిగిలిన మూల వైపు అడుగేశాడు.

“ఆగు నాయనా, ఆగు! కాలు తియ్యి!” అత్తగారు గావుకేక పెట్టింది. “అక్కడ నీటికోడి గుడ్లు పెడుతోంది. నిన్న నాలుగు, ఇవాళ అయిదు. ఆ మూల ముట్టుకోనిచ్చానా ఎవర్నైనా?”

బూటు గాల్లో ఉండగానే ఆయన ఒంటికాలి మీద ఆగిపోయాడు. దర్జీ మోచెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి లాగింది.

“కంపెనీ కాగితాల్లో ఈ కోడి ఊసే లేదే,” అంటూ గట్టు మీదే కూలబడి ఫైలు తీశాడు. “వీధికే ఇమ్మని రాస్తున్నా. కమిటీని ఒప్పించే పూచీ నాది. బాధ్యులుగా ఎవరి పేరు రాయను?”

అందరూ అత్తగారి వైపు చూశారు. వీధికి పెద్దదిక్కు ఆవిడే మరి. ఆవిడ మాత్రం అడ్డంగా తలూపింది.

“నా పేరొద్దు నాయనా. పొద్దున అందరి చేతా కొడవలి పట్టించింది నేనే. అత్తనని కూడా చూడకుండా తప్పును తప్పని అన్నది చూడు, దాని పేరు రాసుకో.”

అత్తగారే కోడలి పేరు చెప్పి, సరిగ్గా రాశాడో లేదోనని వంగి మరీ చూసింది.