పదకొండో కప్పు బరువు

తెల్లారి అయిదున్నరకల్లా కోచ్ ఈల వేస్తాడు. కాలేజీ కుస్తీ హాలు క్వార్టర్స్ వెనకే కాబట్టి ఆ ఈలతోనే ఆయన భార్యకీ మెలకువ వస్తుంది. మెలకువైతే వస్తుందిగానీ, లేచి కూర్చోవడానికి ఆవిడకి పావుగంట పడుతుంది. చూడ్డానికి ఊదితే ఎగిరిపోయేట్టుంటుంది మనిషి. కిందటేడు లారీల కాటా మీద నిలబెడితే రెండువందల అరవై కిలోలు చూపించింది.

అందులో ఆవిడ సొంత బరువు నలభై ఆరు. మిగతాదంతా కుర్రాళ్ళది.

కుస్తీలో ఎవరి బరువుకి తగ్గ విభాగంలో వాళ్ళే దిగాలి. పోటీ పొద్దున తూకంలో వంద గ్రాములు ఎక్కువున్నా ఇంటిదారి పట్టాల్సిందే. అందుకని మిగతా కాలేజీల కోచ్‌లు తమ కుర్రాళ్ళని రెండ్రోజులు తిండీ నీళ్ళూ లేకుండా మాడ్చి, ఎండలో రబ్బరు సూట్లు తొడిగి పరిగెత్తించి, పీక్కుపోయిన మొహాలతో తీసుకొచ్చేవాళ్ళు. మనవాడి కుర్రాళ్ళు మాత్రం శుభ్రంగా తిని వచ్చి వరుసలో నిలబడేవాళ్ళు. ఆయన ఒక్కొక్కడి భుజం మీద చెయ్యి వేసేవాడు. వాడు కాటా ఎక్కేసరికి ఎంత తగ్గాలో అంతా తగ్గి ఉండేది. కడుపు నిండినవాడు కడుపు మాడినవాణ్ణి ఎత్తి పడేయడంలో గొప్పేముంది చెప్పండి? పేపర్లవాళ్ళు మాత్రం ఆయన్ని మేధావి అని రాశారు. ఇరవై రెండేళ్ళలో పది కప్పులు తెచ్చినవాణ్ణి ఇంకేమంటారు.

తగ్గిన బరువు ఆ క్షణమే ఇంట్లో ఆవిడ మీదకి వచ్చేది. ఇందులో దాపరికమేమీ లేదు, కాలేజీ అంతటికీ తెలుసు. ప్రిన్సిపాల్ ఆవిడ కోసం ఉక్కు కుర్చీ చేయించి, దాన్ని క్రీడా సామగ్రి కిందే మంజూరు చేశాడు. ఓసారి ఎవరో ఫిర్యాదు చేస్తే కమిటీ దిగింది. రూల్సు పుస్తకం అటూ ఇటూ తిరగేసి, కోచ్ శిష్యుడి భుజం మీద చెయ్యి వేయకూడదని ఎక్కడా లేదని తేల్చి, ఆవిడ చేతి టీ తాగి వెళ్ళింది.

ఒక్క సంగతి మాత్రం మొగుడూ పెళ్ళాలకే తెలుసు. తూకం రోజు ఇల్లు కదిలేముందు ఆయన ఎవరి చేతి నీళ్ళు తాగితే బరువు వాళ్ళ మీద పడుతుంది. మొదటి ఏడు ఆవిడ ప్రేమ కొద్దీ ఇచ్చింది. ఆరో ఏడు అక్క దగ్గరికి వెళ్ళి ఇంట్లో లేకపోతే, ఆయన కుళాయి నీళ్ళు తాగి వెళ్ళాడు. ఆ రోజు ఆయన చెయ్యి పనిచేయలేదు. నలుగురు కుర్రాళ్ళు కాటా దగ్గరనుంచే వెనక్కొచ్చారు. అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. అర్థమయ్యాక కూడా ఆ మరుసటేడు ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు, ఆవిడ గ్లాసు పట్టుకొచ్చింది. ఎందుకిచ్చావమ్మా అంటే ఏం చెబుతుంది? ఉద్యోగం పర్మనెంట్ కావాలి, క్వార్టర్స్ నిలవాలి, పిల్ల చదువు ఆగకూడదు. ఏటా ఏదో ఒక సాకు దొరికేది.

మొదటి కప్పు ఆవిడ ఎడమ మోకాట్లో ఉంది. నాలుగోది నడుములో. తొమ్మిదో కప్పు వచ్చాక మెట్లు దిగడం మానేసింది, పదోది వచ్చాక అద్దం ముందు నిలబడి జడ వేసుకోవడం మానేసింది. చేతులు అంత పైకి లేవవు మరి.

ఈ ఏడు పోటీలు నెల రోజులున్నాయనగా ఆయనతో చెప్పేసింది.

"ఏమండీ, ఇంక నా వల్ల కాదు. ఇంకో రెండు కిలోలు పడితే ఈ కుర్చీలోంచి లేవను. అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను."

కూతురు ఫ్యాక్టరీల యంత్రాలు తరలించే కంపెనీలో సూపర్‌వైజరు. వెనక లిఫ్టు ఉన్న వ్యాను, డ్రైవరుతో సహా, తనే పట్టుకొస్తానంది. కానీ ఆ వ్యాను కాలేజీ గేటు దాటి లోపలికి రావాలంటే కోచ్ సంతకం ఉండాలి. ఇల్లు పీకి పందిరేస్తాడని ఆవిడ భయపడింది. ఆయన రెండ్రోజులు నోరు మెదపలేదు. మూడోరోజు పొద్దున బూట్లు కట్టుకుంటూ, "సరే, వెళ్ళు" అన్నాడు. అంతే. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అంత తేలిగ్గా వదిలేశాడే అని మనసు చివుక్కుమంది కూడా. రెండూ నిజమే.

శుక్రవారం సాయంత్రం కూతురు దిగింది. శనివారం తూకం, పోటీలు. ఆదివారం ప్రయాణం.

శనివారం పొద్దున ఆవిడ వంటగదిలోంచి కదల్లేదు. గట్టు పట్టుకుని నిలబడి వింటోంది. బూట్ల చప్పుడు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. గొంతు సవరించుకోవడం వినిపించింది. ఆవిడ పళ్ళు బిగబట్టింది. మళ్ళీ సవరించుకున్నాడు.

"నాన్నా, ఇంద, నీళ్ళు." కూతురి గొంతు అది.

ఆవిడ గట్టు వదిలి కదిలింది. వద్దని అరిచేలోపే గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. వంటగది నుంచి గుమ్మానికి పద్నాలుగు అడుగులు. ఎనిమిదో అడుగు వేసేసరికి బయట స్కూటర్ స్టార్టయింది. ఆయనకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

పదీ ఇరవైకి కూతురు ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని చీరలు మడతపెడుతోంది. ఉన్నట్టుండి స్టూల్ కాళ్ళు కాస్త ఎడంగా జరిగాయి.

"భుజం పట్టేసినట్టుందమ్మా," అంది, రుద్దుకుంటూ. "ప్రయాణం బడలిక."

తల్లి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తన మీద పడినప్పుడు ఒక్కనాడు కూడా అంత ఏడుపు రాలేదు.

సాయంత్రం ఆయన కప్పుతో వచ్చాడు. కూతురు అట్టపెట్టెలు తేవడానికి బజారుకెళ్ళింది. కప్పుని అలమారలో పదో దాని పక్కన పెట్టి, కొంచెం వెనక్కి జరిగి చూసుకున్నాడు.

"తెలిసే తాగారా?" అంది ఆవిడ.

"దాహం వేసింది."

"అది నా కూతురండీ."

"నాకు మాత్రం కాదా? వయసులో ఉంది, మోస్తుంది. ఆరు కిలోలేగా. నలుగురు కుర్రాళ్ళ బతుకులు నిలబడ్డాయి."

"ఇన్నేళ్ళలో మీరు మాత్రం ఒక్క గ్రాము పెరగలేదు."

"క్రమశిక్షణ," అన్నాడాయన. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. చేతికందిన చెంబు విసరబోయి, చెయ్యి లేవక ఊరుకుంది.

ఆదివారం వ్యాను గుమ్మం దాకా వచ్చింది. పన్నెండుమంది కుర్రాళ్ళు కుర్చీతో సహా ఆవిడని లిఫ్టు మీదకి చేర్చారు. "జాగ్రత్త పిన్నీ" అన్నాడొకడు. వాడిది కిలోన్నర, రెండేళ్ళ కిందటిది, మెడ దగ్గర ఉంది. కుర్చీని పట్టీలతో వ్యాను గోడకి బిగించారు. కోచ్ వరండాలో నిలబడి చెయ్యి ఊపి, ఈల మెళ్ళో వేసుకుని హాలుకి వెళ్ళిపోయాడు.

గేటు దాటాక ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుంది. "నీకో మాట చెప్పాలి. తూకం రోజు మీ నాన్నకి ఇంకెప్పుడూ నీళ్ళివ్వకు. ఎందుకని అడగొద్దు."

"అడగనమ్మా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతా. నెల కిందటే ఫోన్ చేశాడు. నేను నీళ్ళిస్తానంటే నిన్ను పంపిస్తానన్నాడు, గేటు కాగితం మీద సంతకం పెడతానన్నాడు. సరేనన్నాను."

బూట్లు కట్టుకుంటూ ఆయన అన్న "సరే, వెళ్ళు" ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకిప్పుడు తెలిసింది.

"ఎన్నేళ్ళకి ఒప్పుకున్నావే?"

"ఆయన రిటైరయ్యేదాకా. ఆరేళ్ళేగా. ఏడాదికో రోజు వచ్చి పోతాను. టన్నుల లెక్కన ఎత్తించేదాన్ని, నాకిదో లెక్కా?"

"బండి ఆపించు."

"ఆపి?"

"నేను దిగిపోతాను. ఆ నీళ్ళేవో నేనే ఇస్తాను. నాకెటూ అయిపోయింది."

"ఇలా అంటావనే చెప్పలేదు," అంది కూతురు, కిటికీ వైపు తిరిగి.

ఆవిడ లేవబోయింది. కుడి చెయ్యి ఆనించింది, ఎడమ మోచెయ్యి ఆనించింది, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుంది. పట్టీలు కిర్రుమన్నాయి తప్ప కుర్చీలోంచి జానెడు కూడా పైకి లేవలేకపోయింది. ఇరవై రెండేళ్ళుగా కాటా ఎక్కిన కుర్రాళ్ళందరూ కడుపు నిండా తినొచ్చి ఆవిడ ఒళ్ళో కూర్చునున్నారు. మళ్ళీ ప్రయత్నించింది. ఈలోగా వ్యాను పెద్ద రోడ్డెక్కింది. కూతురు భుజం రుద్దుకుంటూ, దారిలో టీ ఎక్కడ బాగుంటుందని డ్రైవర్ని అడుగుతోంది.