తొమ్మిదికి అయిదు తక్కువ

మల్లాపూర్ పక్కన ఒక వర్క్‌షాపులో బస్సుల బ్రేక్ పిన్నులు గట్టిపడేలా కాలుస్తారు. పిన్ను ఫర్నేస్‌లో నిండా నాలుగు గంటలు ఉండాలి. లేకపోతే పైకి నిగనిగలాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

షిఫ్టుకు అందరూ రెండు లోడ్లు దించుతుంటే కొమురెల్లి ఒకటే దించుతున్నాడు.

"రేపట్నించి అతన్ని ప్యాకింగ్‌లో పడేస్తా. నెల రిపోర్టు తీసివ్వమ్మా" అన్నాడు మేనేజర్ అచ్యుతరావు, మిర్చిబజ్జీ నములుతూ.

ఆఫీసులో లెక్కలు చూసే దుర్గాభవాని కంప్యూటర్ ముందు కూర్చుంది. కొమురెల్లివి తప్ప అన్ని లోడ్లూ ఒకే తీరుగా ఉన్నాయి. మొదటి లోడు లోపల పెట్టింది తొమ్మిదికి అయిదు తక్కువకు, తీసింది పన్నెండు దాటిన అయిదు నిమిషాలకు; రెండోదీ అదే లెక్కన. అంటే మూడు గంటల పది నిమిషాలు. రిపోర్టు మాత్రం నాలుగంటోంది. రెండేళ్ల కిందట రిపోర్టుకు ఆ లెక్క తీసే క్వెరీ రాసింది తనే. అది నిమిషాలు చూడదు, గంట ఎన్నిసార్లు మారిందో లెక్కపెడుతుంది: తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. ఆమెకు తన చేతుల మీదే రోత పుట్టింది.

ఫర్నేస్ దగ్గరికి పోయి కొమురెల్లిని అడిగింది.

"అన్నా, గీ అయిదు తక్కువ కథేంది?"

"నీ కంప్యూటరే నేర్పింది బిడ్డా. గట్ల పెడితే నాలుగని ఒప్పుకుంటదని అందరికీ ఎరుకే."

"మరి నువ్వెందుకు పెట్టవు?"

"నేను బస్సుల వస్త."

"నాకు జర చెప్పొద్దా?"

"నువ్వు అడగలే."

క్వెరీని నిమిషాల్లోకి మార్చింది. రెండు వందల నలభై నిమిషాలకు తక్కువున్నవన్నీ స్క్రీన్ మీద ఎర్రబడ్డాయి. కొమురెల్లివి తప్ప ఒక్కటీ మిగల్లేదు.

పిలిచి చూపిస్తే అచ్యుతరావు ఉలిక్కిపడలేదు. నూనె వేలు స్క్రీన్ మీద పెట్టి, "పాతదే ఉంచమ్మా. చక్కగా పనిచేస్తున్నదాన్ని కెలకడం ఎందుకు?" అన్నాడు.

ఈయనకూ తెలుసు! ఆయన అటు వెళ్లగానే ఆమె ఆ ఎర్ర జాబితాను పిన్నులు కొనే కంపెనీకి పంపేసింది.

నాలుగో రోజుకు లారీ నిండా పెట్టెలు తిరిగొచ్చాయి. వెంట ఆ కంపెనీ మనుషులు ఇద్దరొచ్చారు. వాళ్ల ముందు అచ్యుతరావు గొంతు మెత్తబడింది. ప్యాకింగ్‌లో ఉన్న కొమురెల్లిని పిలిపించాడు.

"కొమురెల్లీ, నీకు చూపు బాగా ఉంది కదయ్యా. ఇందులో పచ్చివేవో ఏరిపెట్టు. రేపట్నించి ఫర్నేస్ నీదే."

కొమురెల్లి పెట్టెల మీద, కాల్చినవాడి పేరుతో వేసిన సీళ్లు చూశాడు. ఒక్కటీ తనది కాదు. పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏరుడెందుకు సార్," అన్నాడు, "అన్నీ పచ్చియే."