పాయింట్ల కోసం తీసుకున్న గది

మా ఆయన మోహనకృష్ణకు ఎరువుల కంపెనీలో ఉద్యోగం. వారంలో సగం రోజులు సాలూరనీ పలాసనీ ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటాడు. రాత్రికి ఉండడానికి గది ఫోన్లోనే తీసుకుంటాడు. డబ్బు కంపెనీ కడుతుంది, పాయింట్లు మాత్రం ఆ యాప్ వాళ్లు ఈయన ఖాతాలో వేస్తారు. అవి పోగైతే ఏ ఊళ్లోనైనా ఉచితంగా గది ఇస్తారట. ఇక చూడండి, అన్నం ముందు కూర్చున్నా అదే గోల, మంచం ఎక్కినా అదే గోల. ఉచితం అన్న మాట చెవిన పడితే చాలు, మా ఆయనకు పెళ్లికళ వచ్చేస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే ఈసారి ఆ యావ తన కోసం కాదు. అరసవల్లిలో ఉండే తన తోడబుట్టిన అక్క, తను అప్ప అని పిలిచే రాజకుమారి కోసం. మా వదిన భర్త కూర్మయ్య అన్నయ్య పోయి ఏడాది దాటింది. బతికున్నన్నాళ్లూ ఆమెను పూరీ తీసుకెళ్తానని అనడమే గానీ, ఏటా ఏదో ఒకటి అడ్డం పడేది. ఆ కోరిక తను తీర్చాలని మా ఆయన పట్టు. సముద్రం కనబడే హోటల్లో అప్పకు గది తీయాలి, మేమిద్దరం దగ్గరుండి తీసుకెళ్లాలి. దానికి ఇంకొక్క రాత్రి బస తక్కువైంది. నెలాఖరులోగా అది పూర్తి కాకపోతే పాత పాయింట్లన్నీ మురిగిపోతాయట.

ఆ నెలలోనే రథసప్తమి వచ్చింది. మామూలుగా అయితే ముందురోజు సాయంత్రానికే వదిన ఇంటికి చేరిపోతాం. తెల్లవారుజామున మా నెత్తిన జిల్లేడాకులు, రేగుపళ్లు పెట్టి తనే నీళ్లు పోస్తుంది. ఆ తరవాతే గుడి. కిందటేడు ఏటిసూతకం వల్ల పండగ లేదు. అన్నయ్య పోయాక మేం అరసవల్లి వెళ్లే మొదటి రథసప్తమి ఇదే.

"ఈపాలి లాడ్జిలో గది తీసీసేనే భవానీ," అన్నాడు మా ఆయన.

"సొంత అప్ప ఇల్లుండగా లాడ్జేటండీ? పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఎనకటికెవడో."

"ఒక్క రాత్రే కదేటి. తెల్లారి దర్శనం సేసీసుకుని బోజనానికి ఎల్దాం. పూరీ గది సూపిస్తే అప్పే నవ్వుతాది సూడు."

ముందే చెబితే వద్దంటుందని, వదినకు ఫోన్ చేసి అబద్ధం ఆడాడు. బస్సు బాగా ఆలస్యమట, సరాసరి గుడి లైన్లోకి వెళ్లిపోతామట. పక్కన కూర్చుని నేను పళ్లు కొరుక్కున్నాను.

పొద్దున్న లాడ్జి ముందు జిల్లేడాకులు అమ్ముతున్న ఆవిడ మా ఆయన్ని ఎగాదిగా చూసింది.

"రాజకుమారి తమ్ముడివి కాదేటి నువ్వు?"

అవునని నవ్వి ఆకులు తెచ్చుకున్నాడు. లాడ్జి బాత్రూములో ఒకరి నెత్తిన ఒకరం పెట్టుకుని స్నానం ముగించాం. నాకైతే ఆ స్నానం చేసినట్టే లేదు.

దర్శనం అయ్యాక వదిన ఇంటికి వెళ్లాం. ఎప్పుడూ వీధి మలుపు దాకా వచ్చి చేతిలో సంచి అందుకునే వదిన ఈసారి రాలేదు. తలుపు వేసి ఉంది. కొడితే లోపలినుంచి అడిగింది.

"గుడికి ఎల్లొచ్చీసేరా?"

"ఎల్లొచ్చీసేం అప్పా."

"దర్శనం అయిపోయినట్టేనా?"

"అయిపోయింది. తలుపు తియ్యి."

అప్పుడు తీసింది.

వంట మాత్రం ఎప్పటిలాగే చేసింది. వడ్డిస్తూ వడ్డిస్తూ నెమ్మదిగా అంది.

"గున్నమ్మ సెప్పిందిరా, మా పక్కింటి గున్నమ్మ. నీకు ఆకులమ్మింది అదే. లాడ్జిలో దిగేర్ట కదా."

మా ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"మంచి పనే సేసేవు. పండగపూట లెగుస్తూనే నా మొకం సూడ్డం ఎందుకు మీకు? నానే సెప్దావనుకున్నాను. నోరు రానేదు."

భర్త పోయినదాని ముఖం పొద్దున్నే చూడకూడదని లోకం అనుకుంటుందని తెలుసు. మా వదిన మమ్మల్ని కూడా ఆ లోకంలో కలిపేసిందని అప్పుడే తెలిసింది.

"అది కాదప్పా. పాయింట్ల కోసం," అంటూ మా ఆయన ఎంగిలి చేత్తోనే ఫోను తీశాడు. కంపెనీ అన్నాడు, నెలాఖరు అన్నాడు, పూరీ హోటలు బొమ్మ చూపించాడు. ఎంత చెబితే అంత అతుకులబొంతలా ఉంది. నిజం తెలిసిన నాకే నమ్మబుద్ధి కాలేదు. మొదట ఆడిన అబద్ధం ఇప్పుడు చెప్పే నిజాన్ని కూడా మింగేసింది.

వదిన ఆ బొమ్మను చూసి, "బాగుందిరా," అంది.

"ఒట్టు వదినా, నిజవే," అన్నాను.

"నిజవేనమ్మా. నాను కాదన్నానేటి? పూరీ మీ ఇద్దరూ ఎల్లిరండి. నాకెందుకు? ఇంకో గరిటి పులుసు ఎయ్యనా?"

తిట్టి ఉంటే ఎంత బాగుండేది! కాళ్లు పట్టుకునో కయ్యం పెట్టుకునో ఎలాగో ఒకలా కలుపుకునేవాళ్లం. కాదనని మనిషితో ఏం వాదించగలం?

సాయంత్రం ఆటో వచ్చింది. బయలుదేరేవాళ్లకు ముత్తైదువ ఎదురు రావాలని మావాళ్ల పట్టింపు. మాకెప్పుడూ వదినే ఎదురొచ్చేది. ఈసారి గడప దాటలేదు. లోపలినుంచే పక్కింటికి కేకేసింది.

"గున్నమ్మా, ఓపాలి ఎదురు రాయే. మా తమ్ముడోలు ఎల్తన్నారు."

గున్నమ్మ బొట్టు సర్దుకుంటూ వచ్చి నిలబడింది. మా ఆయన అడుగు వెయ్యలేదు. సంచి పడేసి అరుగు మీద కూలబడి భోరుమన్నాడు.

"నువ్వెదురొస్తేగానీ నాను కదల్నప్పా!"

తలుపు ఓరగా మూసుకుంది. వెనకనుంచి వదిన గొంతు మాత్రం వినిపించింది.

"లెగరా నాయినా, పొద్దోతంది. ముందు మీరెల్లండి. మీ ఆటో మలుపు తిరిగీసేక నాను బైటికొచ్చి సూస్తాను."