పారబోసిన పెళ్లి పులుసు

నేను ఒక ఇత్తడి గుండిగను. ముప్పైమందికి సరిపడా పులుసు పట్టేంత కడుపు నాది. బుడితిలో ఒక కంచరి నన్ను సుత్తితో కొట్టి కొట్టి గుండ్రంగా తీర్చాడు. వరహాలమ్మ పెళ్లికి ఆమె తల్లి నన్ను సారెలో పెట్టి పంపింది. అప్పట్నుంచి బొబ్బిలిలో ఆమె ఇంటనే ఉన్నాను. ఈ మనుషులు శుభానికీ నన్నే దించుతారు, అశుభానికీ నన్నే దించుతారు. మధ్యలో నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. వరహాలమ్మ కొడుకు సన్యాసిరావు పెళ్లికి నాలోనే పులుసు కాచారు. ఆరేళ్లకి అతను కామెర్లతో పోతే, పన్నెండో రోజు భోజనాలకీ నాలోనే కాచారు.

తర్వాత నాలుగేళ్లు అటక మీద ఉండిపోయాను. ఒక మాఘమాసం పొద్దున్న వరహాలమ్మ నన్ను కిందికి దించింది. ఈసారి పెళ్లి ఆమె కోడలు పైడితల్లిది. వరుడు బస్సు డిపోలో మెకానిక్కు, గౌరునాయుడు. సంబంధం కుదిర్చింది అత్తగారే. "నా కొడుకు పోయేడు గాని, పిల్ల బతుకు పోనేదు" అని కాదన్నవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పింది. చుట్టాల్లో సగంమంది మొహం చాటేశారు. వంటవాళ్లని పెట్టుకోమంటే ఒప్పుకోలేదు. "నా కోడలి పెళ్లికి నా చేత్తోనే వండుతాను" అంది.

అందరికంటే గట్టిగా ఎదురుతిరిగింది కూతురు నూకరత్నం. "అన్నయ్య కూచున్న పీట మీద ఇంకొకణ్ణి కూచోబెడతావా? నేను రాను" అని నెల్లాళ్లుగా తల్లితో మాట మానేసింది.

వరహాలమ్మ నన్ను చింతపండు పెట్టి తళతళా తోమింది. కంట్లో పొర, పాపం. లోపలి సంగతి ఆమెకి కనబడలేదు. ఇత్తడి గిన్నెలో పులుపు కాచాలంటే లోపల కళాయి పూత ఉండాలి. నాకది కిందటిసారి వంటతోనే అరిగిపోయింది. చెబుదామంటే నాకు మూతి ఉంది గాని మాట లేదు. పెరట్లో పొయ్యి మీద నన్ను పెట్టి గుమ్మడి ముక్కలు, ములక్కాడలు, చిలగడదుంపలు వేసి, చింతపండు రసం పోసింది. పులుసు తెర్లుతున్నకొద్దీ నా ఒళ్లంతా కిలుమెక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంది. ఇది తిని నలుగురికి వాంతులైతే చాలు, చచ్చినవాడి ఉసురు తగిలిందని ఊరంతా అంటుంది. పైడితల్లి మళ్లీ తలెత్తుకోలేదు.

తొమ్మిదిన్నరకి నూకరత్నం వచ్చింది. పదకొండుకి ముహూర్తం. ఎవరినీ పలకరించకుండా పెరటి అరుగు మీద కూచుంది. వీధిలోంచి పంతులుగారు కేకేశారు. "పులుసు చూస్తుండమ్మా" అని వరహాలమ్మ లోపలికి వెళ్లింది.

నూకరత్నం లేచి, గరిటెతో కాస్త తీసి నాలిక మీద వేసుకుంది. మొహం ముడుచుకుపోయింది. ఉమ్మేసింది. వంగి నా అంచు చూసింది. పచ్చటి చార. లోపల మంగళవాద్యం మొదలైంది. ఆమె అటు చూసింది, ఇటు చూసింది. నోరు మూసుకుని కూచుంటే చాలు, ఆమె కోరుకున్నదే జరుగుతుంది.

రెండు మసిగుడ్డలతో నన్ను పట్టుకుని పొయ్యి మీంచి దించి, ఉన్న పులుసంతా కాలవలోకి వంచేసింది.

చప్పుడికి వరహాలమ్మ పరుగున వచ్చింది. "ఎంత పని చేసేవే! నీ కడుపుమంట చల్లారిందా? నా పీక నొక్కినా బాగుండును గదే!"

నూకరత్నం గరిటె ఆమె నోటికి అందించింది. "నాకి చూడు."

వరహాలమ్మ నాకింది. "ఓలమ్మో... నాకు కనబళ్లేదే."

"ఎంతమంది?"

"ముప్పై."

"పెద్ద స్టీలు గిన్నె ఇచ్చి, నువ్వు పీటల కాడికి పో."

గుమ్మడికాయ అయిపోయింది. నూకరత్నం పక్కింటి దడి మీది ఆనపకాయలు రెండు అడిగి కోసుకొచ్చింది. కత్తిపీట మీద ఆమె చేతులు ఆగలేదు. పసుపుబట్టల్లో పైడితల్లి పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నూకా... వచ్చేవా?"

నూకరత్నం తలెత్తలేదు. "పొగుంది ఒదినా. కళ్లు ఎర్రబడతాయి. లోపలికి పో."

పైడితల్లి ఇంకాసేపు నిలబడి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. పొగకే అనుకోవాలి.

తాళి పడింది. పెరట్లో విస్తళ్లు వేశారు. ఆ పెళ్లిలో నావల్ల ఒక్కరికీ ఒక్క ముద్ద దిగలేదు. కాలవ పక్కన బోర్లా పడి అంతా చూస్తున్నాను. నూకరత్నం గిన్నె పట్టుకుని వరసగా వడ్డించుకుంటూ వస్తోంది. గౌరునాయుడి విస్తరి దగ్గర ఆమె అడుగులు ఆగాయి. అతను పిసికిన అన్నంలోనే చెయ్యి ఉంచి, తల వంచుకున్నాడు. ఒదిన భర్తని పిలవడానికి మన భాషలో ఉన్నది ఒక్కటే మాట. నాలుగేళ్లుగా ఆమె నోట ఆ మాట పోయినవాడి కోసం తప్ప రాలేదు.

గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు వినిపించింది.

"చెయ్యి తియ్యి అన్నయ్యా," అంది నూకరత్నం. "పులుసు వేడిగా ఉంది."