రేపటమ్మ

బీరువా అడుగు అరలో ఇరుక్కుపోయిన ఫైలును ఆమె మోకాలు ఆనించి రెండు చేతులతో లాగుతోంది. ఈ వారం బదిలీ అయిన పద్నాలుగు సైనిక కుటుంబాల్లో ఐదింట మాటో, నడకో రాని, చూపు నిలపలేని పసిపిల్లలున్నారు. ఆ ఐదు ఫైళ్లూ తీసి, దుమ్ము దులిపి, పేజీలకు అంకెలు వేసి, డాక్టరు సంతకం చేశాక లక్కతో సీలు వేసి కొత్త చోటికి పంపాలి. పద్దెనిమిదేళ్లుగా ఆమెకదే పని.

క్వార్టర్ల చివర, సున్నం పెచ్చులూడిన రెండు గదుల కేంద్రం అది. ముందు గదిలో పిల్లలకు మాట, నడక నేర్పుతారు. వెనక గదిలో మూడు బీరువాలు, ఆమె, ఒక కిటికీ. కిటికీ అవతల తల్లులు నిలబడతారు. వాళ్లేమడిగినా ఆమె తలెత్తకుండా "రేపు రామ్మా" అంటుంది. అలా రేపటమ్మ అనే పేరు పడిపోయింది. ఒకసారి కూరల బండి దగ్గర ఎవరో "రేపటమ్మకి ఇవాళ్టి కూరలెందుకయ్యా, రేపిద్దువులే" అన్నారు. నలుగురూ నవ్వారు. ఆమె బెండకాయల చివర్లు విరిచి చూసుకుంది.

పొట్టి మనిషి. కళ్లజోడు కాడ విరిగితే దారం చుట్టి పెట్టుకుంది. వేడి లక్క తగిలి కాలీ కాలీ కుడిచేతి రెండు వేళ్ల చివర్లు మొద్దుబారాయి. వాటికి వేడి తెలియదు.

ఒంటిగంట కొట్టగానే ఇంటికి పరుగెత్తి, బయట వేసిన తాళం తీసింది. తలుపును ఆనుకుని కూర్చున్న కొడుకు పక్కకు జరిగాడు. ముప్ఫై ఒక్కేళ్లవాడు. తల్లికంటే రెండు జానలు పొడుగు. పొద్దున ఆమె గీసిన గడ్డం మీద చిన్న గాటు ఎండిపోయి ఉంది. ముద్ద కలిపి పెడుతుంటే నోరు తెరిచాడు.

నాలుగేళ్లప్పుడు ఆ నోట్లో పదకొండు మాటలుండేవి. అప్పుడు భర్త సిపాయి. ఆ ఊళ్లో ఓపికైన టీచరమ్మ దొరికి, ఎనిమిది నెలల్లో వాడిచేత అమ్మ, బంతి, తలుపు అనిపించింది. అంతలో బదిలీ. ఫైలు వెనకాలే వస్తుందన్నారు. కొత్త ఊళ్లో ఇలాంటి కేంద్రం కిటికీ చుట్టూ ఆమె చెప్పులరిగేలా తిరిగింది. ఫైలు లేనిదే చేర్చుకోం, రేపు రమ్మన్నారు. అది ఏడో నెలలో వచ్చింది. మళ్లీ పరీక్షలు చేసి, వరసలో చివరన పేరు రాశారు. వంతు వచ్చేలోపు ఇంకో బదిలీ. ఆరేళ్లు నిండాయి కాబట్టి పసిపిల్లల కేంద్రంలో ఇక చోటు లేదన్నారు. మాటలు ఒక్కొక్కటే పోయాయి. చివరగా పోయింది 'తలుపు'.

భర్త పోయాక ఈ ఉద్యోగం ఇస్తే, కిటికీకి ఇవతల కూర్చుని ఏదో చేయొచ్చనుకుంది. మొదటి ఏడాది సంతకం లేని ఫైలు ఒకటి ఓ తల్లి చేతికిచ్చేసింది. అవతలి కేంద్రం దాన్ని తిప్పి పంపింది. ఇంకోసారైతే ఉద్యోగం ఉండదని ఆఫీసరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ రోజు నుంచి నోరూ చెయ్యీ కట్టేసుకుంది.

మూతి తుడిచి, నీళ్లు తాగించి, మళ్లీ తాళం వేసి వచ్చేసరికి కిటికీ దగ్గర ఫైలు కోసం ఒక సిపాయి భార్య నిలబడి ఉంది. చంకలో మూడున్నరేళ్ల కూతురు. నాలుగింటికి రైలు. డాక్టరేమో సోమవారం దాకా సెలవు.

అలవాటు కొద్దీ "రేపు రామ్మా" అనేసింది.

"రేపు మేముండమండీ." ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "రెండు రోజుల ప్రయాణం. ఇది మూడో ఊరు. పోయినసారి కూడా ఫైలు వెనకాల వస్తుందన్నారు. వచ్చేలోపు నేర్చుకున్నదంతా పోయి, మళ్లీ మొదటికొచ్చింది. అయినా మీకివన్నీ ఎలా తెలుస్తాయిలెండి."

పాప చంకలోంచి వంగి, అరచేతిలో పట్టేంత అట్టముక్కను కిటికీ గట్టు మీద పెట్టింది. దాని మీద నీళ్ల గ్లాసు బొమ్మ. దాహమైతే ఇలా అడుగుతుందని, నేర్చుకుని మూడు వారాలే అయిందని తల్లి చెప్పింది.

ఆమె లేచి కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చింది. పాప రెండు చేతులా గ్లాసు పట్టుకుని గడగడా తాగింది.

ఆమె కూర్చుని పాప ఫైలు తీసి చివరి పేజీ తిప్పింది. డాక్టరు సంతకాన్ని కొన్ని వేలసార్లు చూసిన కళ్లవి. పెన్ను తీసి, తోక వంపుతో సహా దింపింది. కవరు మడిచి, లక్క కరిగించి, ముద్ర నొక్కింది. సీలు ఆరిందో లేదో వేలితో తాకి చూసుకుంది.

"విప్పకు. ఎవరైనా అడిగితే, సెలవు పెట్టే ముందే డాక్టరుగారు చేశారని చెప్పు."

ఆ అమ్మాయి కవరు వంకా ఆమె వంకా చూసింది. కిటికీ ఊచల మధ్యనుంచి ఆ మొద్దువేళ్లను ఒకసారి పట్టుకుని, గబగబా వెళ్లి ఆటో ఎక్కింది.

ఆమె గోడ గడియారం కేసి చూసింది. సంతకానికి అరనిమిషం పట్టింది. అప్పట్లో ఆ ఊళ్లో, ఆ కిటికీ వెనకాల కూడా ఒకావిడ ఉండేది. ఆమె చేతిలోనూ పెన్ను ఉండేది.

నాలుగు దాటాక దూరంగా రైలు కూత వినిపించి ఆగిపోయింది. ఇంటికి పోదామని కిటికీ మూయబోతే గట్టు మీద ఖాళీ గ్లాసు కనబడింది. తీసింది. దాని అడుగున తడికి అతుక్కుని పాప అట్టముక్క ఉంది. నీళ్ల బొమ్మ ఒక పక్కకు చెదిరింది, మూలన చిన్న పంటిగాట్లున్నాయి.