ఖాళీ వరస

మా అమ్మ గెనొవేఫాకు కంటి ఆపరేషన్ తేదీ దొరకడానికి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. మంగళవారం ఉదయం పదింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. పది దాటితే ఆ చోటు ఇంకొకరికి పోతుందని ఫోన్లో ముందే చెప్పారు. ఆవిడ రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. నేను గుమ్మంలోకి వస్తే మొహం చూసి కాదు, దగ్గు విని పోల్చుకుంటోంది.

గంటన్నర దారికి ఏడున్నరకే బయల్దేరాం. ఎనిమిదిన్నరకు వంతెన మరమ్మతు దగ్గర ఇరుక్కున్నాం. రెండు వరసల రోడ్డు రెండు కిలోమీటర్ల అవతల ఒక్క వరస అయిపోతుంది. కుడి వరసలో బళ్లు అంగుళం అంగుళం జరుగుతున్నాయి. ఎడమ వరస పని జరిగే చోటు దాకా బోసిగా ఉంది. రెండు వరసలూ వాడుకోండి, చివర ఒకరి తర్వాత ఒకరు కలవండి అని పక్కనే ఇంత పెద్ద బోర్డు. చట్టం వచ్చి కూడా ఏళ్లయింది. అయినా ఒక్కడూ అటు పోడు. మా పోలండ్‌లో ఖాళీ వరసలోంచి ముందుకెళ్లేవాడు దొంగ కింద లెక్క.

నేనూ అలా అనుకున్నవాణ్ణే. కిందటి అక్టోబరులో నా వ్యాను అడ్డంపెట్టి, ఇలాగే ఖాళీ వరసలో వచ్చిన ఒక వెండిరంగు కారును ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. ఆదివారం భోజనాల దగ్గర ఆ ఘనకార్యం చెప్పుకుంటే అమ్మ మురిసిపోయి నా పళ్లెంలో ఇంకో కట్లెట్ వేసింది.

తొమ్మిదింటికి బోర్డు చదివి వినిపించి, ఎడమవైపు వెళ్దామన్నాను. అమ్మ ఒళ్లో డాక్టరు కోసం కొన్న చాక్లెట్ల డబ్బా ఉంది. దాని మీద చెయ్యి బిగించింది.

"ముందొచ్చినవాళ్లను దాటిపోతావుట్రా? సరుకు దొరకని ఆ కాలంలో తెల్లారకముందే మాంసం క్యూలో నించుని నిన్ను పెంచాను. ఒక్కనాడు ఎవర్నీ తోసుకుపోలేదు."

"చట్టమే వెళ్లమంటోందమ్మా. పది దాటితే ఆపరేషన్ లేదు."

"రెండేళ్లు ఆగినదాన్ని, రెండు కిలోమీటర్లు ఆగలేనా?"

బండిని ఇంకో అంగుళం ముందుకు జరిపాను.

తొమ్మిదింపావుకు ఓపిక చచ్చిపోయింది. అమ్మతో చెప్పకుండా స్టీరింగు ఎడమకు తిప్పాను. రెండు వందల మీటర్లు పోయామో లేదో, కుడి వరసలో ముందున్న, రాదోమ్ ఊరి నంబరున్న లారీ నింపాదిగా పక్కకు జరిగి రెండు వరసలూ ఆక్రమించింది. హారన్ కొట్టాను, లైట్లు వేశాను. కిటికీ దించి అమ్మ సంగతీ ఆపరేషన్ సంగతీ గొంతు పగిలేలా చెప్పాను. డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"అందరికీ అమ్మలున్నారు గురూ. పోయి క్యూలో కలువు."

వాడి మొహంలోని తృప్తి నాకు కొత్త కాదు. అక్టోబరులో అది నా మొహం మీదే ఉంది. కిటికీ ఎత్తేశాను. కుడికి సిగ్నల్ వేస్తే ఎవరూ చోటివ్వలేదు, ఉన్న సందు కూడా మూసేశారు. ముందుకూ లేదు, పక్కకూ లేదు. నలభై బళ్లు పోయాక ఎవరో దయతలచి కలవనిచ్చారు.

"లారీ అతను మంచివాడు. నువ్వే సిగ్గుపడాలి" అంది అమ్మ.

ఆసుపత్రి చేరేసరికి పదీ ఇరవై అయిదు. కౌంటరులో ఉన్నావిడ విసుక్కోలేదు. పదీ పది దాకా చూసి, కాచుకుని కూర్చున్న ఒకాయన్ని లోపలికి పంపేశామంది. మళ్లీ తేదీ వచ్చే ఏడాది నవంబరుట. వాదించాను, బతిమాలాను. ఆవిడ కంప్యూటరు తెర నా వైపు తిప్పి చూపించింది. ఆ లోపల ఎక్కడా ఒక్క గడి ఖాళీ లేదు.

వెనక్కి తిరిగితే అమ్మ కుర్చీలో లేదు. గోడ పట్టుకుని ఆపరేషన్ గది ముందరి బెంచీల దాకా వెళ్లిపోయింది. మా దగ్గర క్యూలో చేరే ఎవరైనా చేసేట్టే, అక్కడున్నవాళ్లందర్నీ కలిపి అడిగింది.

"చివర ఎవరండీ?"

ఒకావిడ చెయ్యెత్తింది. అమ్మకు కనిపించదని తెలిసి, నేనేనండీ అంది.

"అయితే మీ వెనక నేను" అని అమ్మ కూర్చుని చాక్లెట్ల డబ్బా ఒళ్లో సర్దుకుంది.

లేపి తీసుకెళ్దామని దగ్గరికి వెళ్లాను. దగ్గొచ్చింది.

"వచ్చావా నాయనా. మనకు ముందు ఎంతమంది ఉన్నారు?"

లెక్కపెట్టాను. "ఎనిమిది మందమ్మా."

"ఎనిమిదేగా" అంది అమ్మ, పక్కకు జరిగి నాకు చోటిస్తూ. నేను కూర్చున్నాను.